మందపాటి అక్రిలిక్ ట్యాంక్‌కు మాగ్నెట్ క్లీనర్: పట్టు జారినా, గీతలు పడినా ఏం చూడాలి

పెద్ద చేపల ట్యాంక్‌ను అపార్ట్‌మెంట్ నాలుగో అంతస్తుకు ఎక్కించాలంటే గాజు కన్నా అక్రిలిక్కే (గాజులా కనిపించే ప్లాస్టిక్) నయం. అదే కొలతల గాజు పలకతో పోలిస్తే బరువు సగం కూడా ఉండదు, దెబ్బ తగిలినా అంత తేలిగ్గా పగలదు. ఇబ్బందల్లా దాని ఒళ్లు మెత్తన కావడమే. గాజు తట్టుకునే రాపిడికి ఇది తట్టుకోలేదు. పైగా ట్యాంక్ ఎత్తు పెరిగేకొద్దీ గోడ మందం పెంచాల్సి వస్తుంది. మాగ్నెట్ క్లీనర్‌లో గోడకు లోపల ఒకటి, బయట ఒకటి అయస్కాంతపు ముక్కలుంటాయి, బయటిది జరిపితే లోపలిది నాచును తుడుస్తుంది. కాబట్టి దీనికి కొనే క్లీనర్ మందపాటి గోడ అవతలి ముక్కను గట్టిగా పట్టుకోవాలి, అలాగని గోడను నలిపేయకూడదు. చాలామంది మొదటిదే చూసి కొంటారు. విశాఖలో ట్యాంకులు పెట్టుకున్నవాళ్లకు ఎదురయ్యే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం అక్కడే మొదలవుతాయి.

లోపలి ముక్క మాటిమాటికీ జారి పడిపోతోంది

ముందు అనుమానించాల్సింది మందాన్ని. ముందునుంచి చూసి అంచనా వేస్తే తప్పుతుంది. అక్రిలిక్‌లో కాంతి వంగడం వల్ల పలక అసలు మందంలో మూడింట రెండు వంతులే కనిపిస్తుంది. 20 మిల్లీమీటర్ల గోడ సుమారు 13 మిల్లీమీటర్లలా అనిపిస్తుంది. అది చూసి 12 మిల్లీమీటర్ల వరకు పనిచేసే క్లీనర్ తెప్పించుకుంటే అది నిలబడే ప్రసక్తే లేదు. ట్యాంక్ పై అంచు దగ్గర వెర్నియర్ కాలిపర్‌తో కొలవండి. అది లేకపోతే స్కేలు పలక కోసిన అంచు మీద ఆనించి చూడండి. పై అంచుకు లోపలివైపు అతికించిన పట్టీని కలిపి కొలవకండి, గోడ ఒక్కదాన్నే కొలవాలి. పోత పోసిన అక్రిలిక్ షీటు అంతటా ఒకే మందంలో ఉండదు కనుక రెండు మూడు చోట్ల చూసి, ఎక్కువ వచ్చిన అంకెనే లెక్కలోకి తీసుకోండి.

ఆ అంకెతో కంపెనీ ఇచ్చిన పరిధి చూడాలి. ఉదాహరణకు ఫ్లిప్పర్ క్లీనర్లలో స్టాండర్డ్ 12 మిల్లీమీటర్ల వరకు, మ్యాక్స్ 24 వరకు. టుంజే కేర్ మాగ్నెట్‌లో లాంగ్ 10–15కు, స్ట్రాంగ్ 15–20కు. మీ గోడ పరిధి చివరి అంకె దగ్గర ఉంటే ఆపై సైజుకు వెళ్లడం మంచిది. అయస్కాంతం పట్టు దూరంతో మెల్లగా తగ్గదు, ఒక్కసారిగా పడిపోతుంది. రెండువైపులా ఉండే ప్యాడ్ల మందం కూడా ఆ దూరంలో కలుస్తుంది. కొత్త ప్యాడ్ పాతదానికన్నా మందంగా ఉంటే నిన్నటిదాకా బాగా పనిచేసినదే ఇవాళ జారుతుంది.

మందం సరిపోయినా జారుతోందా? అయితే చేతి వేగం తగ్గించి చూడండి. పాకుడు దట్టంగా పట్టిన గోడ మీద వేగంగా లాగితే లోపలి ముక్క వెనకబడి విడిపోతుంది. మూలల దగ్గర తిప్పేటప్పుడు కూడా అంతే.

ఇది మాగ్నెట్ క్లీనర్ కొనేటప్పుడే ఆలోచించాల్సిన విషయం: విడిపోయిన ముక్క ఎటు పోతుంది? తేలే రకమైతే పైకి వస్తుంది, చేత్తో తీసుకోవచ్చు. మునిగే రకమైతే ఇసుకలో పడుతుంది, దాన్ని అలాగే బయటి ముక్కతో పైకి లాగామంటే ఇసుకతో సహా గోడకు రాసినట్టే. అక్రిలిక్‌కు నేనైతే తేలే రకమే తీసుకోమంటాను, ధర ఎక్కువైనా సరే.

అతుక్కుపోయింది, కదలట్లేదు, కదిలితే కుదుపులతో కదులుతోంది

ఇది పై సమస్యకు అటువైపు. "ఎంత పవరుంటే అంత మంచిది కదా" అని 10 మిల్లీమీటర్ల గోడకు 24 మిల్లీమీటర్ల మాగ్నెట్ తెస్తే రెండు ముక్కలూ గోడను బిగించి పట్టుకుంటాయి. అంత ఒత్తిడిలో మధ్యన చిక్కిన చిన్న రేణువు కూడా లోతుగా కోస్తుంది. దీనికి మరమ్మతు లేదు, ఆ మాగ్నెట్‌ను మార్చుకోవాల్సిందే.

మందం సరిపోయీ కుదుపు వస్తుంటే బయటి ముక్క ఫెల్టును (గోడకు ఆనే మెత్తటి గుడ్డ పొర) చూడండి. బీచ్ రోడ్డు, లాసన్స్ బే వైపు ఇళ్లలో సముద్రపు గాలికి బయటి గోడ మీద ఉప్పు తేమ పొర పడుతుంది. దానికి వీధి దుమ్ము అతుక్కుంటుంది. పోర్టు వైపు, పాత నగరంలో దుమ్ము సంగతి వేరే చెప్పక్కర్లేదు. గీసేది ఉప్పు కాదు, ఆ దుమ్ములోని రాతి రేణువులు. క్లీనర్ ఆనించే ముందు తడి మైక్రోఫైబర్ గుడ్డతో బయటివైపు తుడవండి, ఫెల్టు దులిపి కడిగి ఆరబెట్టండి. బయటి గీతలు చాలావరకు ఈ ఒక్క పనితోనే ఆగుతాయి.

పొడవాటి సన్నని గీతలు పడుతున్నాయి

మాగ్నెట్‌ను తిట్టకండి, మధ్యలో ఏం ఇరుక్కుందో చూడండి.

విశాఖలో దీనికి ప్రత్యేకమైన కారణం ఒకటుంది. ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా ఒడ్డున అలలు వెనక్కి పోయాక ఇసుకలో నల్లటి చారలు కనిపిస్తాయి. అవి ఇల్మెనైట్, గార్నెట్, మాగ్నటైట్ లాంటి బరువు ఖనిజాలు. భీమిలి తీరపు బీచ్ శాండ్ నిల్వలకు ఎప్పటినుంచో పేరుంది. మాగ్నటైట్‌ను అయస్కాంతం గట్టిగా లాగుతుంది, ఇల్మెనైట్ ఈ క్లీనర్లలో ఉండే బలమైన నియోడిమియం మాగ్నెట్‌కు కొంతవరకు అంటుకుంటుంది. గార్నెట్ అయితే ఉప్పు కాగితం తయారీలో వాడే గట్టి రాయి. "మన బీచ్ ఇసుకేగా, కడిగి వేద్దాం" అని ట్యాంక్ అడుగున పరిచారంటే, క్లీనర్ అడుగుకు దగ్గరైన ప్రతిసారీ నల్ల రేణువులు వెతుక్కుంటూ వచ్చి ప్యాడ్‌కు పడతాయి. అక్రిలిక్ పని అక్కడితో సరి.

తేల్చుకోవడానికి పెద్ద పరీక్ష అక్కర్లేదు. ఎండిన ఇసుకను కాగితం మీద పలచగా పరిచి, ప్లాస్టిక్ కవర్లో చుట్టిన మాగ్నెట్‌ను పైన తిప్పండి. నల్ల రేణువులు ఎగిరి అంటుకుంటే ఆ ఇసుక మీ ట్యాంక్‌కు పనికిరాదు. పదిసార్లు మాగ్నెట్ తిప్పి ఏరేశానని ధీమా పడకండి, అయస్కాంతానికి సరిగా అంటని గార్నెట్ అందులోనే మిగిలిపోతుంది. షాపులో కొన్న ఇసుకకైనా, గోస్తని ఇసుకకైనా ఇదే పరీక్ష చేయండి. ఎర్రమట్టి దిబ్బల జోలికి మాత్రం పోవద్దు, అది రక్షిత భూవారసత్వ ప్రదేశం.

ఇసుక ఏదైనా సరే దాని పైనుంచి రెండంగుళాలు వదిలి మాగ్నెట్ వాడాలి. ఆ కింది భాగానికి ఉబ్బెత్తు అక్షరాలు లేని పాత ప్లాస్టిక్ కార్డు చేత్తో పట్టుకుని గీకితే చాలు. ప్యాడ్‌ను ప్రతి వాడకానికి ముందు నీళ్ల కింద తిప్పి చూడండి. చిన్న నత్తలు కూడా ప్యాడ్ కింద చిక్కుతాయి, వాటి పెంకు కూడా ప్యాడ్ కింద ఉండకూడనిదే.

ప్యాడ్ రకం కూడా చూడాలి. గాజు ట్యాంక్ క్లీనర్లలో గరుకు ప్యాడ్ ఉంటుంది, కొన్నింటికి స్టీలు బ్లేడు ఉంటుంది. రెండూ అక్రిలిక్‌కు పనికిరావు. మాగ్-ఫ్లోట్ వాళ్లు అక్రిలిక్‌కు వేరే మోడళ్లు అమ్ముతారు, ఫ్లిప్పర్‌కు ప్లాస్టిక్ బ్లేడు దొరుకుతుంది. ఆర్డర్ పెట్టేటప్పుడు వివరాల్లో "అక్రిలిక్‌కు" అని స్పష్టంగా రాసి ఉందో లేదో చదవండి, షాపతని "రెండింటికీ వస్తుందండీ" అన్న మాటతో సరిపెట్టుకోకండి.

మెత్తటి నాచు పోతోంది, గట్టి మచ్చలు పోవట్లేదు

మంచినీటి ట్యాంక్‌లో ఆకుపచ్చ చుక్కలు, సముద్రపు ట్యాంక్‌లో గులాబీ రంగు కొరలైన్ నాచు ఇలా మొండికేస్తాయి. కొరలైన్‌లో ఉన్నది సున్నం, ప్యాడ్‌కు లొంగదు. అప్పుడు గట్టిగా నొక్కడం తప్పు, ప్లాస్టిక్ బ్లేడు పెట్టి పొరను కిందనుంచి లేపాలి. ఊడిన ముక్కలు కూడా గోడను గీస్తాయి కనుక బ్లేడును మధ్యమధ్యలో కడగాలి. మచ్చలు చిన్నగా ఉన్నప్పుడే రెండు మూడు రోజులకోసారి తిప్పేస్తే బ్లేడు దాకా రాదు.

అంచులు శుభ్రం, మధ్యలో చార మిగులుతోంది

నీళ్లు నింపాక అక్రిలిక్ గోడ మధ్యలో కొద్దిగా బయటికి ఉబ్బుతుంది. లోపలివైపు అది పల్లం. పొడవాటి గట్టి క్లీనర్ అక్కడ రెండు చివరలతోనే ఆనుతుంది, మధ్యభాగం తగలదు. చిన్న సైజు క్లీనర్, లేదా మెత్తటి మందపు ప్యాడ్ ఉన్నది వాడండి. ఉబ్బు రోజురోజుకూ పెరుగుతున్నట్టు కనిపిస్తే మాత్రం క్లీనర్ సంగతి పక్కనపెట్టి, ముందు నీటిమట్టం తగ్గించి అతుకులు చూపించండి.

పడిపోయిన గీతలను ఏం చేయాలి

బయటివైపు గీతలకు అక్రిలిక్ పాలిష్ దొరుకుతుంది. కాస్త లోతైనవైతే నీళ్లతో తడుపుతూ 1500, 2000 నంబర్లు, ఆపైన ఇంకా నున్నటి ఉప్పు కాగితాలు వరసగా వాడి, చివర పాలిష్ పట్టాలి. వరసలో ఒకటి దాటేస్తే ఆ చోటు మసకగా మిగిలిపోతుంది. అమ్మోనియా ఉన్న గాజు క్లీనర్, స్పిరిట్, థిన్నర్ ముట్టించకండి. అక్రిలిక్ లోపల సన్నని చీలికలు పుడతాయి. ఆ మసక పాలిష్‌కు పోదు.

లోపలి చిన్న గీతలను వదిలేయడమే మంచిది. గాలితో పోలిస్తే నీరు కాంతిని అక్రిలిక్‌కు దగ్గరగా వంచుతుంది. అందుకని నిండు ట్యాంక్‌లో అవి సగం కనపడవు. ఖాళీ చేసినప్పుడే కొట్టొచ్చినట్టు కనపడతాయి. దానికోసం ట్యాంక్ ఖాళీ చేసి చేపలకు ఇబ్బంది పెట్టడం అనవసరం.

మాగ్నెట్ అంచున తుప్పు, ఉబ్బు

ప్లాస్టిక్ తొడుగు చిట్లి నీరు లోపలికి పోయిందన్నమాట. నియోడిమియం త్వరగా తుప్పు పడుతుంది. దాని పైపూతలో నికెల్‌తో పాటు సాధారణంగా రాగి ఉంటుంది, రాగి రొయ్యలకూ పగడాలకూ విషం. అతికించి వాడకుండా అప్పుడే తీసేసి, ట్యాంక్‌లో రొయ్యలో పగడాలో ఉంటే కొంత నీరు మార్చండి. తొడుగు చిట్లేది ఎక్కువగా రెండు ముక్కలూ ఒకదానికొకటి ఢీకొన్నప్పుడే. కాబట్టి వాటిని నేరుగా దగ్గరకు తేకండి, విడదీయాలన్నా లాగకుండా పక్కకు జరిపి తీయండి. 20 మిల్లీమీటర్ల గోడకు వచ్చే మాగ్నెట్ల మధ్య వేలు పడితే నలిగిపోతుంది. పిల్లలకు అందనివ్వకండి, ఇంట్లో ఎవరికైనా పేస్‌మేకర్ ఉంటే వాళ్ల చేతికి ఇవ్వకండి.