పాత క్యాంపర్ వ్యాన్‌లో స్నేహితులతో చలికాలం ప్రయాణం: బయల్దేరే ముందు జాగ్రత్తలు

ముందు బ్యాటరీ చూడండి. మైనస్ 18 డిగ్రీల చలిలో దాని శక్తి దాదాపు సగానికి పడిపోతుంది. నాలుగైదేళ్లు వాడినదైతే మెకానిక్ చేత లోడ్ టెస్ట్ (భారం మోపినప్పుడు బ్యాటరీ ఎంత శక్తి ఇస్తుందో చూసే పరీక్ష) చేయించాల్సిందే. టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పొడి పేరుకుంటే తుడిపించండి.

టైరు అరగలేదని ధీమా పడకండి. పాత వ్యాన్లు తిరిగేదానికన్నా నిలబడి ఉండేదే ఎక్కువ. టైరు మీది గాడులు లోతుగానే ఉన్నా పక్క రబ్బరు బీటలు వారి ఉండొచ్చు. తయారీ తేదీ ఆ పక్క రబ్బరు మీదే నాలుగంకెల్లో ఉంటుంది: 2319 అంటే 2019లో 23వ వారం.

కూలెంట్, వైపర్లు, లైట్లు, స్టెప్నీ, జాకీ ఎలాగూ చూస్తారు.

అన్నిటికన్నా గట్టిగా చెప్పేది ఇదే. వెచ్చదనం కోసం లోపల స్టవ్ వెలిగించి పడుకోవద్దు. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ వాయువుకు రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఆ వాయువును పసిగట్టే అలారం బిగించి, బటన్ నొక్కి మోగుతోందో లేదో మీ చెవులతో వినండి. మంచులో చిక్కుకుంటే, ఇంజిన్ పొగలోని ఇదే వాయువు లోపలికి రాకుండా, స్టార్ట్ చేసే ముందు సైలెన్సర్ గొట్టం చుట్టూ ఉన్న మంచు తీసేయాలి. అందుకే ఒక పార తప్పకుండా పెట్టుకోండి.

రాత్రిపూట డ్రైవర్ పక్కన ఎవరు మెలకువగా కూర్చుంటారో కూడా ముందే అనుకోండి.