కొత్త కోచ్ వచ్చాక ఓపిక పట్టడం ఎలా

ఎంఎస్ చదవడానికి 2015 ఆగస్టులో లింకన్ వచ్చాను. అమెరికాలో నెబ్రాస్కా యూనివర్సిటీ ఉన్న ఊరు. సెప్టెంబరు మొదటి శనివారానికి వీధుల నిండా ఎర్ర చొక్కాలే. నేను చూసిన మొదటి ఆటే యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు కొత్త కోచ్ మైక్ రైలీకీ ఇక్కడ మొదటి ఆట. బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ వాళ్ళు ఆఖరి క్షణంలో విసిరిన పొడవాటి బంతికి 33-28తో ఓడిపోయాం. అమెరికన్ ఫుట్‌బాల్ రూల్స్ సగం కూడా తెలియకపోయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

రైలీ మూడు సీజన్లు ఉన్నాడు. తర్వాత స్కాట్ ఫ్రాస్ట్. 2023 నుంచి మాట్ రూల్. ప్రతిసారీ అందరూ చెప్పేది ఒకటే, ఓపిక పట్టమని. ఎలా పట్టాలో ఎవరూ చెప్పరు. మీరూ ఏదో ఒక యూనివర్సిటీలో చేరి, అక్కడి టీమ్ మీద మనసు పెట్టుకుని, ఓటములతో సతమతమవుతుంటే నా పద్ధతి మీకు పనికి రావచ్చు.

ముందుగా, కోచ్ ఇంతకుముందు పనిచేసిన చోట ఏడాది ఏడాదికీ ఫలితాలు ఎలా మారాయో చూడండి. మాట్ రూల్ టెంపుల్ యూనివర్సిటీలో మొదటి ఏడు 2 గెలిచి 10 ఓడాడు. రెండో ఏడు 6-6, మూడో ఏడు 10-4. బేలర్ యూనివర్సిటీలో 1-11తో మొదలుపెట్టి 7-6, ఆపైన 11-3. ఈ అంకెలు తెలుసు కాబట్టే 2023లో మేం 5-7తో ముగించినా నేను కంగారు పడలేదు. కానీ పాత రికార్డునే పట్టుకుని కూర్చోకండి. ఫ్రాస్ట్ సెంట్రల్ ఫ్లోరిడాలో 2017లో 13-0 చేసి వచ్చాడు. పైగా ఈ రాష్ట్రంలోనే పుట్టినవాడు, 1997 ఛాంపియన్ జట్టులో ఆటను నడిపించి బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్. ఇక్కడ మాత్రం 16 గెలిచి 31 ఓడాడు.

రెండో పని ఆగస్టులోనే చేయాలి. సీజన్ మొదలయ్యాక మనసు మన మాట వినదు. ఒక నోట్‌బుక్ తీసుకుని, ఈ ఏడాది ఏం బాగుపడాలో రెండు మూడు ప్రశ్నలుగా రాసుకోండి. ఎన్ని గెలుస్తాం అన్నది అందులో ఉండకూడదు. 2023లో మా జట్టు 31 సార్లు బంతిని ప్రత్యర్థికి అప్పగించింది. అందుకని 2024కి నా మొదటి ప్రశ్న బంతిని భద్రంగా పట్టుకుంటున్నారా అని. రెండోది, క్వార్టర్‌బ్యాక్‌కి కాపలా కాసే లైన్ కుర్రాళ్ళు ఆట ఆఖరి భాగమైన నాలుగో క్వార్టర్‌లో కూడా నిలబడుతున్నారా అని. బంతి వెంటే చూపు పరుగెత్తుతుంది కాబట్టి ఈ లైన్ ఎవరి కంటికీ ఆనదు. ఒక్క పది నిమిషాలు బంతిని వదిలేసి వాళ్ళనే చూడండి. స్కోరుబోర్డు కంటే ముందు మార్పు కనిపించేది అక్కడే. పద్దెనిమిదేళ్ళ పిల్లాడికి ఆ బలం రావాలంటే రెండు మూడేళ్ళ కసరత్తు కావాలి, కోచ్ ఎంత గొప్పవాడైనా.

తక్కువ తేడాతో వచ్చే ఓటముల దగ్గర నేను చాలా దెబ్బతిన్నాను. 2021లో ఫ్రాస్ట్ నాలుగో సీజన్. మేం 9 ఆటలు ఓడాం, తొమ్మిదింటిలోనూ తేడా పది పాయింట్ల లోపే. ‘ఇంకొంచెమే, వచ్చే ఏడు మనదే’ అని నేనే అందరికీ చెప్పాను. తర్వాతి సెప్టెంబరులో మూడో ఆటకే, జార్జియా సదరన్ చేతిలో 45-42తో ఓడాక, ఆయన్ని పంపేశారు. 2023 చివర్లో రూల్ జట్టు కూడా వరుసగా నాలుగు ఆటలు మూడు పాయింట్లతోనో ఏడు పాయింట్లతోనో ఓడింది. ఒక్కటి గెలిచి ఉంటే, సీజన్ చివర్లో తగినన్ని గెలిచిన జట్లకి దక్కే అదనపు ఆట, బౌల్ గేమ్‌కి వెళ్ళేవాళ్ళం. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి. మొదటి ఏడాదిలో అలాంటి ఓటమి అంటే జట్టు ఇంకా పోటీ పడటం నేర్చుకుంటోందని అర్థం. నాలుగో ఏడాదిలో అదే ఓటమి అంటే ఆట ముగించడం ఎవరూ నేర్పలేదని అర్థం. అందుకే నోట్‌బుక్‌లో ప్రతి ఓటమి పక్కనా అది కోచ్‌కి ఎన్నో ఏడో రాస్తాను.

ఓడిన రాత్రి ఫోన్ పక్కన పడేయండి. ఆదివారం పొద్దున కాఫీ తాగాక నాలుగో క్వార్టర్ మళ్ళీ చూడండి. ఆటగాళ్ళకి మెసేజ్‌లు మాత్రం అస్సలు పెట్టకండి. బంతి జారవిడిచిన పిల్లాడు మీ తమ్ముడి వయసువాడు, సోమవారం క్లాసుకి వెళ్ళాలి. గుంటూరు నుంచి నాన్న ఇప్పటికీ ఆదివారం ఫోన్ చేసి ‘ఏరా, మీవాళ్ళు గెలిచారా?’ అని అడుగుతారు. ఓడిన వారం ఆయనకి ఆట మొత్తం వివరించి చెప్పేసరికి నాకే అసలు తప్పు ఎక్కడ జరిగిందో అర్థమవుతుంది. మీరూ ఆట తెలియనివాళ్ళకి ఒకసారి చెప్పి చూడండి.

మా పక్కింటి పెద్దాయన, ఇక్కడి పాత కోచ్ టామ్ ఆస్బోర్న్ కాలం నుంచీ స్టేడియానికి వెళ్తున్నారు. ఆస్బోర్న్ 1973లో కోచ్ అయ్యాక వరుసగా ఐదేళ్ళు ఓక్లహోమా చేతిలో ఓడిపోయాడు. జనం విసుక్కున్నారు. 1978లో 17-14తో గెలిచాడు. మొదటి జాతీయ టైటిల్ 1994లో గానీ రాలేదు. ఈ కథ నాకు ప్రాణం. అయినా, అన్నాళ్ళు ఆగుదాం అని ఇప్పుడు అనలేను. ఆటగాళ్ళు సులువుగా యూనివర్సిటీ మారే వీలిచ్చే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చాక లెక్క మారింది. కర్ట్ సిగ్నెట్టి 2024లో ఇండియానాకి వస్తూ తన పాత జట్టు ఆటగాళ్ళను వెంట తెచ్చుకున్నాడు. అంతకుముందు ఏడాది 3-9గా ఉన్న జట్టు 11-2 అయింది. ఆ అక్టోబరులో మమ్మల్ని 56-7తో ఓడించింది. కాబట్టి ఐదేళ్ళు అడిగే కోచ్‌కి నేను మూడేళ్ళిస్తాను. మూడో ఏడు ముగిసేసరికి టైటిల్ అక్కర్లేదు, దారి కనిపిస్తే చాలు.

రూల్‌కి ఆ మూడేళ్ళు 2025తో అయిపోయాయి. 2024లో బాస్టన్ కాలేజీ మీద 20-15తో బౌల్ గేమ్ గెలిచినప్పుడు ఇంట్లో కేకలు పెట్టాం. 2016 తర్వాత మాకు అదే మొదటి బౌల్. 2025లోనూ ఏడు ఆటలు గెలిచాం. క్వార్టర్‌బ్యాక్ డిలన్ రయోలా కాలు విరగడం ఎవరి తప్పూ కాదు, దాన్ని కోచ్ ఖాతాలో వేయను. కానీ నోట్‌బుక్ తిరగేస్తే ఒక సంగతి బయటపడింది. మూడు సీజన్ల నవంబరు నెలలు కలిపి 12 ఆటలాడి రెండే గెలిచాం. ఐయోవా చేతిలో మూడేళ్ళూ ఓడాం. మొదటి రెండుసార్లూ 13-10, మూడోసారి సొంత మైదానంలో 40-16.

వచ్చే ఆగస్టు పేజీలో మొదటి ప్రశ్న అప్పుడే రాసేశాను: నవంబరులో ఎన్ని? నాలుగో ఏడు కాబట్టి, ఈసారి గెలుపుల లెక్కే అడుగుతున్నాను.