ఇంటి దగ్గరే కారు టైమింగ్ బెల్ట్ మార్చుకోవడం ఎలా?

టైమింగ్ బెల్ట్‌కి రిపేరు ఉండదు, మార్చడమే. పళ్ళు అరిగినా, పగుళ్ళు కనిపించినా, ఆయిల్ తగిలి ఉబ్బినా తీసేసి కొత్తది వేయాలి. కింద తిరిగే క్రాంక్‌షాఫ్ట్‌నీ, పైన వాల్వులు తెరిచి మూసే క్యామ్‌షాఫ్ట్‌నీ లెక్క తప్పకుండా కలిపి ఉంచేది ఈ బెల్టే. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరగాలి. చాలా ఇంజిన్లలో బెల్ట్ తెగితే పిస్టన్లు పైకొచ్చి, తెరిచి ఉన్న వాల్వులను కొడతాయి. అప్పుడు హెడ్ (వాల్వులుండే ఇంజిన్ పైభాగం) విప్పాల్సిందే. అందుకే కంపెనీ పుస్తకంలో రాసిన గడువు దాటనివ్వకండి. సాధారణంగా అది 60,000 నుంచి 1,00,000 కిలోమీటర్ల మధ్య ఉంటుంది. కారు తక్కువ తిరిగినా రబ్బరుకి వయసు మీద పడుతుంది కాబట్టి ఏళ్ళ లెక్క కూడా చూసుకోవాలి.

ముందుగా మీ కారులో ఉన్నది బెల్టో చైనో తెలుసుకోండి. మారుతి కే-సిరీస్ పెట్రోల్ ఇంజిన్లలో చైన్ ఉంటుంది, వాటికి ఈ పని అక్కర్లేదు. పాత శాంత్రో లాంటి ఒకే క్యామ్‌షాఫ్ట్ ఉన్న పెట్రోల్ ఇంజిన్ అయితే, స్పానర్లు పట్టడం అలవాటున్నవాళ్ళు ఇంటి దగ్గర చేసుకోవచ్చు. ఇండికా, డస్టర్ 1.5 లాంటి డీజిల్ ఇంజిన్లలో మాత్రం అదే బెల్ట్ డీజిల్ పంపును కూడా తిప్పుతుంది. డస్టర్ లాంటివాటికి షాఫ్టులు కదలకుండా పట్టే ప్రత్యేకమైన పిన్నులు కూడా కావాలి. ఇలాంటి డీజిల్ ఇంజిన్లను మొదటిసారి ఇంటి దగ్గర ప్రయత్నించొద్దని నా గట్టి మాట. తెగిపోయిన బెల్ట్ విషయమూ అంతే. మళ్ళీ మళ్ళీ సెల్ఫ్ కొట్టకుండా, బండిని లాగించుకుని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళండి.

ఏమేం తెచ్చుకోవాలి

బెల్ట్ ఒక్కటే కొనకండి. టెన్షనర్ (బెల్ట్‌ని బిగువుగా పట్టే చక్రం), ఐడ్లర్ బేరింగ్ (బెల్ట్‌కి దారి చూపే చక్రం) కలిసి ఉన్న కిట్ తీసుకోండి. వాటర్ పంపును కూడా ఇదే బెల్ట్ తిప్పుతుంటే పంపు, గాస్కెట్, కూలెంట్ కూడా తెచ్చుకోండి. కొత్త బెల్ట్ వేసిన కొన్నాళ్ళకే పాత పంపు కారితే ఇంత పనీ మళ్ళీ మొదటి నుంచి చేయాలి. ఇవి కొనడానికి విశాఖలోని గాజువాక ఆటోనగర్‌కి వెళ్ళేటప్పుడు ఆర్‌సీలోని ఇంజిన్ నంబరు, తయారీ సంవత్సరం దగ్గర ఉంచుకోండి. మోడల్ పేరు ఒకటే అయినా ఇంజిన్ని బట్టి బెల్ట్ మారుతుంది. ఇంటికొచ్చాక పాత బెల్ట్ పక్కన కొత్తది పెట్టి పళ్ళు లెక్కపెట్టండి, వెడల్పు కూడా సరిచూడండి.

పనిముట్లలో సాకెట్ సెట్, పొడుగు పిడి, టార్క్ రెంచ్, జాకీ, జాకీ స్టాండ్లు, చెక్క దిమ్మ, తెల్ల పెయింట్ మార్కర్ కావాలి. ఏ బోల్టుకి ఎంత టార్క్ (బిగించే బలం) అన్నది మీ ఇంజిన్ సర్వీస్ మాన్యువల్ చూసే బిగించాలి.

విశాఖలో రెండు జాగ్రత్తలు

ఒకటి ఉప్పుగాలి. బీచ్‌కి దగ్గర్లో, ఆరుబయట పెట్టే కార్లకు కింది బోల్టులు తుప్పుతో పట్టేసి ఉంటాయి. ముందురోజు సాయంత్రమే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచండి. బలవంతంగా తిప్పితే తల విరిగి, బోల్ట్ ముక్క ఇంజిన్‌లోనే ఉండిపోతుంది.

రెండోది వాలు. కొండల ఊరు కావడంతో చాలా వీధులు ఏటవాలుగా ఉంటాయి. అలాంటి చోట కారును జాకీ మీద లేపకండి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనైనా సరే, సమంగా ఉన్న గచ్చు చూసుకోండి. బెల్ట్ పాతబడిందని అనుమానం ఉంటే కారును తోసి స్టార్ట్ చేయడం కూడా మానేయండి. ఆ కుదుపుకి బెల్ట్ ఒక పన్ను దాటే ప్రమాదం ఉంది.

విప్పడం

ఇంజిన్ పూర్తిగా చల్లారాక బ్యాటరీ నెగటివ్ తీసేయండి. వెనక చక్రాలకు అడ్డాలు పెట్టి, బెల్ట్ ఉన్న వైపు ముందు చక్రం నట్లు కాస్త వదులు చేయండి. ఆ వైపు లేపి స్టాండ్ మీద కూర్చోబెట్టి చక్రం తీసేయండి. ఒట్టి జాకీని నమ్మి కారు కింద చేయి కూడా పెట్టొద్దు. స్పార్క్ ప్లగ్గులు తీసేస్తే ఇంజిన్ చేత్తో తేలిగ్గా తిరుగుతుంది. తర్వాత ఆల్టర్నేటర్, ఏసీ బెల్టులు తీసేయండి. ఇంజిన్ మౌంటింగ్ అడ్డొస్తే, ఆయిల్ సంప్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) కింద చెక్క దిమ్మ పెట్టి జాకీతో బరువు ఆపాకే దాన్ని విప్పండి.

మొండికేసేది క్రాంక్ పుల్లీ బోల్టే. మాన్యువల్ గేర్ కారైతే ఐదో గేరులో వేసి, ఇంకొకరు బ్రేక్ గట్టిగా తొక్కిపట్టాక పొడుగు పిడితో వదులు చేసి, పుల్లీనీ టైమింగ్ బెల్ట్ మీది కవర్లనీ తీసేయండి. స్టార్టర్‌ని కొట్టి బోల్ట్ వదిలించే చిట్కా కొందరు చెబుతారు. పిడి ఎగిరి చేయి విరగ్గొట్టగలదు, ఆ జోలికి పోకండి.

మార్కులు కలపడం

ఈ పనిలో ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి. గేర్ న్యూట్రల్ చేసి, క్రాంక్‌ని ఇంజిన్ మామూలుగా తిరిగే దిశలోనే తిప్పండి. పుల్లీ వైపు నుంచి చూస్తే చాలా కార్లలో అది గడియారం ముల్లు తిరిగే దిశ. మొదటి తరం హోండా సిటీ లాంటి కొన్నిటిలో ఎదురు దిశ. క్రాంక్ పళ్ళ చక్రం మీది గుర్తు బ్లాక్ మీది గుర్తుకి ఎదురుగా రావాలి. అదే సమయంలో క్యామ్ గుర్తు కూడా దాని స్థానంలో ఉండాలి. క్రాంక్ గుర్తు ప్రతి చుట్టులోనూ కలుస్తుంది, క్యామ్ గుర్తు చుట్టు మార్చి చుట్టే కలుస్తుంది. క్రాంక్ కలిసి క్యామ్ కలవకపోతే ఇంకో పూర్తి చుట్టు తిప్పండి.

రెండూ కలిశాక ఫోన్‌తో ఎదురుగా నిలబడి ఫోటోలు తీయండి. పక్కనుంచి తీస్తే గుర్తు ఒక పన్ను జరిగినట్టు కనిపిస్తుంది. తెల్ల పెయింట్‌తో మీ గుర్తులూ పెట్టుకోండి, కానీ అసలు ప్రమాణం కంపెనీ గుర్తులే. ఇప్పుడు టెన్షనర్ వదులు చేసి బెల్ట్ తీసేయండి. ఇక్కణ్ణుంచి క్రాంక్ గానీ క్యామ్ గానీ కదలకూడదు.

పాత బెల్ట్ తడిగా, నల్లగా మెరుస్తుంటే ఎక్కడో ఆయిల్ కారుతోందన్నమాట. క్యామ్, క్రాంక్ ఆయిల్ సీళ్ళు చూడండి. అవి మార్చకుండా కొత్త బెల్ట్ వేస్తే దానికీ అదే గతి.

కొత్త బెల్ట్ వేయడం

పాత కూలెంట్ దించి, పంపు, టెన్షనర్, ఐడ్లర్ మార్చి, అంతా శుభ్రంగా తుడవండి. బెల్ట్‌ని మడవకండి, మెలిపెట్టకండి. లోపలి ఫైబర్ గ్లాస్ దారాలు పైకి కనబడకుండానే విరుగుతాయి. స్క్రూడ్రైవర్‌తో ఎగదోసి ఎక్కించొద్దు. క్రాంక్ దగ్గర మొదలుపెట్టి, టెన్షనర్ లేని వైపు బిగువుగా ఉంచుతూ క్యామ్ మీదకి తెచ్చి, టెన్షనర్ వైపు చివర్లో వేయండి. బిగువు మాన్యువల్ ప్రకారం పెట్టండి. ఎక్కువైతే బేరింగులు ఏడుస్తాయి, తక్కువైతే పళ్ళు జారతాయి.

ఇప్పుడు క్రాంక్‌ని చేత్తో, మెల్లగా, పూర్తిగా రెండు చుట్లు తిప్పండి. ఎక్కడైనా గట్టిగా ఏదో తగిలి ఆగితే బలం పెట్టకండి. వాల్వ్ పిస్టన్‌ని తాకుతూ ఉండొచ్చు. బెల్ట్ తీసి మళ్ళీ సరిచూడండి. రెండు చుట్ల తర్వాత గుర్తులన్నీ కచ్చితంగా కలవాలి. ఒక్క పన్ను తేడా ఉన్నా "పర్లేదులే" అనుకోవద్దు. అలా వదిలేస్తే ఐడిల్‌లో వణుకు, పికప్ తగ్గడం, చెక్ ఇంజిన్ లైటు వరసగా మొదలవుతాయి. ఇక్కడ టెన్షన్ పడి తొందరపడేకన్నా టీ తాగొచ్చి ఇంకోసారి చూడటం మేలు.

తర్వాత కవర్లు, పుల్లీ, మౌంటింగ్, మిగతా బెల్టులు, ప్లగ్గులు తీసిన వరసకి తిరగేసి బిగించండి. కూలెంట్ నింపి గాలి బుడగలు పోనివ్వండి. బ్యాటరీ కలిపి స్టార్ట్ చేసి శబ్దం వినండి. టకటకలాడినా, ఈల వేసినట్టు కూసినా వెంటనే ఆపేయండి. పాత ఇన్నోవా డీజిల్‌లా డ్యాష్‌బోర్డు మీద బెల్ట్ హెచ్చరిక లైటు ఉన్న కారైతే దాన్ని రీసెట్ చేయాలి.

తీసిన పాత కూలెంట్‌ని గెడ్డలో పారబోయకండి, గిన్నెలో వదిలేయకండి. తియ్యగా ఉంటుందని వీధి కుక్కలు తాగి చచ్చిపోతాయి. డబ్బాలో పోసి మూతపెట్టి, పాత ఆయిల్ తీసుకునే గ్యారేజీలో అడిగి ఇచ్చేయండి. మార్చిన తేదీ, కిలోమీటర్లు కాగితం మీద రాసి బానెట్ లోపలివైపు అంటించండి. మొదటి వారం ఊళ్ళోనే నడిపి, కూలెంట్ మట్టం, కవర్ కింద తడి చూసుకున్నాకే అరకు ఘాట్ ఎక్కించండి.