నల్లరేగడి నేలలో గుర్రపు స్వారీ మైదానం ఎలా తయారు చేసుకోవాలి?

గుంటూరు చుట్టుపక్కల గుర్రం అనగానే పెళ్లి ఊరేగింపు గుర్తొస్తుంది. పాతతరం వాళ్లకైతే బెజవాడ జట్కాబండి. గుర్రపుడెక్క అంటే కాలవలో పెరిగే మొక్క అనుకునే పిల్లలే ఎక్కువ. ఈమధ్య మాత్రం పొలంలో ఒకటో రెండో గుర్రాలు పెంచుకుని, పిల్లలకు స్వారీ నేర్పిద్దామనుకునేవాళ్లు కనిపిస్తున్నారు. మా బావమరిది వాళ్లలో ఒకడు. ప్రత్తిపాడు వైపు పొలంలో ఇరవై సెంట్లు ఖాళీ చేసి, యూట్యూబ్‌లో చలి దేశాల వాళ్ల వీడియోలు చూసి మైదానం కట్టాడు. మొదటి వానాకాలానికే చేతులు కాల్చుకున్నాడు. పక్కనే ఉండి సలహాలిచ్చింది నేనే కాబట్టి అందులో నా వాటా కూడా ఉంది.

ఆ వీడియోల్లో తప్పేం లేదు. అవి వాళ్ల నేలకు తగ్గ మందు. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది. చలి ప్రాంతాల్లో మట్టిలోకి ఇంకిన నీరు గడ్డకట్టి నేలను పైకెత్తుతుంది. అడుగున ఉన్న రాళ్లు కూడా ఏటా కొంచెం కొంచెం పైకి తేలతాయి. రాతి నేలలున్న చోట మంచు కరగగానే రాళ్లు ఏరుకోవడం ఏటా ఉండే పనే. అందుకే వాళ్లు కింద నీరు నిలవకుండా కంకర మందంగా పోస్తారు, పైన ఇసుక గడ్డకట్టకుండా మెగ్నీషియం క్లోరైడ్ లాంటి లవణం కలుపుతారు. మనకు మంచు లేదు, నల్లరేగడి ఉంది. వానకు ఉబ్బుతుంది, ఎండకు చెయ్యి దూరేంత నెర్రెలు తీస్తుంది. రెండుచోట్లా తగువు నీటితోనే. నీటిని దూరం పెట్టే పద్ధతి వాళ్ల దగ్గర నేర్చుకోండి, ఉప్పు జోలికి మాత్రం పోకండి.

1. కొలతలు, చోటు

డ్రెస్సాజ్ (గుర్రాన్ని పద్ధతిగా, తీరైన అడుగులతో నడిపించే స్వారీ) నేర్పే చిన్న మైదానం 20 మీటర్ల వెడల్పు, 40 మీటర్ల పొడవు ఉంటుంది. మన లెక్కలో దాదాపు 20 సెంట్లు. పెద్దది 20 × 60 మీటర్లు, అంటే 30 సెంట్లకు కాస్త తక్కువ. కొత్త గుర్రాన్ని తిప్పడానికి, పిల్లలకు మొదటి పాఠాలకు 18 మీటర్ల వ్యాసం ఉన్న గుండ్రటి ఆవరణ చాలు. ఆరున్నర సెంట్లలో అయిపోతుంది. నన్నడిగితే ముందు అదే కట్టి చూడమంటాను.

పెద్ద వాన కురిసిన మర్నాడు వెళ్లి పొలమంతా నడవండి. నీళ్లు ఎక్కడ ముందు లాగేస్తే అదే మీ చోటు. కాలవ గట్టు పక్కన మాత్రం వద్దు, ఊట వదలదు.

2. అడుగు పని: అసలు డబ్బు ఇక్కడే పెట్టాలి

మేం చేసిన మొదటి తప్పు నేలను తవ్వడం. నల్లమట్టిని అడుగున్నర లోతు తవ్వి, ఆ గుంతలో గ్రావెల్ నింపాం. చుట్టూ నీరు వదలని మట్టి, మధ్యలో గ్రావెల్. బకెట్ కట్టినట్టే అయింది. జూలైలో గుర్రం ట్రాట్‌లో (నడకకూ పరుగుకూ మధ్య వేగంలో) వెళ్తుంటే ముందుకాలు దిగబడింది. బయటికి లాగితే నాడా బురదలోనే ఉండిపోయింది.

కాబట్టి తవ్వొద్దు, ఎత్తు చేయండి. గడ్డి, వేళ్లు ఉన్న పైపొర మాత్రం జేసీబీతో గీకించండి. కింద తేలిన నల్లమట్టిలో ఆరంగుళాల లోతు వరకు 3 నుంచి 5 శాతం సున్నం కలిపి, తడిపి, రోలర్‌తో తొక్కించండి. సున్నం కలిస్తే రేగడికి ఉబ్బే గుణం బాగా తగ్గుతుంది. 20 సెంట్లకు రమారమి 7 టన్నులు పడుతుంది. రోటవేటర్‌తో నాలుగైదు సార్లు దున్నితేనే సమంగా కలుస్తుంది. కలిపేటప్పుడు ముక్కుకు గుడ్డ, కళ్లకు అద్దాలు తప్పనిసరి.

దానిమీద గ్రావెల్. ఒకేసారి అడుగు మందం పోసి రోలర్ తిప్పితే పైన గట్టిగా, లోపల గుల్లగా ఉంటుంది. నాలుగంగుళాల చొప్పున పొరలుగా పోయించి, ప్రతి పొరనూ తడిపి తొక్కించాలి. చుట్టుపక్కల నేలకన్నా కనీసం అడుగు ఎత్తు వచ్చాక, చివరగా 20 ఎం.ఎం. కంకర, చిప్స్, క్రషర్ డస్ట్ కలిపి నాలుగంగుళాలు. పని అయిందో లేదో తెలియాలంటే లోడు ట్రాక్టర్‌ను దానిమీద తోలించండి. టైరు జాడ లోతుగా పడితే మళ్లీ తొక్కించాల్సిందే.

వాటం మరిచిపోవద్దు. మీటరుకు ఒక సెంటీమీటరు చాలు. 20 మీటర్ల వెడల్పులో ఒక అంచు కన్నా రెండో అంచు 20 సెంటీమీటర్లు కిందికి ఉండాలి. మేస్త్రీ దగ్గరుండే లెవెల్ పైపుతోనే చూసుకోవచ్చు. కింది అంచు పొడవునా ఒక కాలవ తీయండి.

మంగళగిరి, ఫిరంగిపురం, కొండపల్లి కొండల కింద ఉన్నవాళ్లకు రేగడి బాధ లేదు, రాళ్ల బాధ ఉంది. బండమీద నేరుగా ఇసుక పోస్తే బండలో ఉన్న ప్రతి పల్లంలోనూ నీళ్లు నిలుస్తాయి. పొడుచుకొచ్చిన రాళ్లను బ్రేకర్‌తో కొట్టించి, పల్లాలను గ్రావెల్‌తో నింపి ఎత్తు చేయడమే మేలు. కొండవైపు నుంచి వచ్చే వాన నీరు మైదానంలోకి రాకముందే పక్కకు మళ్లేలా ఎగువన అడ్డంగా ఒక కాలవ ఉండాలి.

ఇక చాలామందికి నచ్చని మాట. బేస్, అంటే ఈ అడుగు పొరలన్నీ, మే నెలలోపు పూర్తి చేసి, దాన్ని ఒక వానాకాలం అలా వదిలేయండి. ఎక్కడ కుంగిందో, ఎక్కడ నీరు నిలిచిందో వానే చూపిస్తుంది. నవంబరు వానలు కూడా పోయాక మరమ్మతు చేసి, డిసెంబరులో ఇసుక పోయండి.

3. ఇసుక

బేస్‌కూ ఇసుకకూ మధ్య జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీటిని దిగనిచ్చి, మట్టిని ఆపే సింథటిక్ గుడ్డ) పరిస్తే రెండూ కలిసిపోవు. దానికి ఖర్చెందుకని మేం మిరపకాయలు ఆరబోసే పట్టాలు పరిచాం. నీరు దిగలేదు, ఇసుక పట్టామీద జారిపోయింది, వారానికల్లా ఒక మూలన పట్టా అంచు పైకి లేచి గుర్రం కాలికి చుట్టుకుంది. ఏం కాలేదు కానీ, ఆ సాయంత్రం పట్టాలన్నీ పీకేశాం. జియోటెక్స్‌టైల్ కొనలేకపోతే ఏదీ పరచకండి. బేస్ గట్టిగా ఉంటే అది లేకపోయినా నడుస్తుంది.

ప్లాస్టరింగ్‌కు వాడే సన్న ఇసుక వద్దు, దుమ్ము లేస్తుంది. స్లాబుకు వాడే ముతక ఇసుక కావాలి. గుప్పెట్లో నలిపితే గరుకుగా గుచ్చుకోవాలి. గుండ్రటి రేణువులు డెక్క కింద గోళీల్లా దొర్లుతాయి. ఒక గాజు సీసాలో సగం ఇసుక, పైన నీళ్లు పోసి గట్టిగా ఊపి, మూడు గంటలు కదపకుండా ఉంచండి. ఇసుక మీద వేలు మందాన బురద పొర కట్టిందంటే ఆ లోడు వెనక్కి పంపండి. కడగని రోబో శాండ్‌తోనూ ఇదే సమస్య. అందులోని పొడి తడిస్తే సిమెంటు గచ్చులా బిగుసుకుంటుంది.

మందం రెండంగుళాలతో మొదలుపెట్టండి. 20 సెంట్లకు 14 యూనిట్లు (యూనిట్ అంటే వంద ఘనపుటడుగులు) పడుతుంది. చాలకపోతే మరో అంగుళం వేసుకోవచ్చు, ఎక్కువైతే తీయడం నరకం. లోతు ఇసుకలో పరిగెత్తితే గుర్రం కాళ్లలోని స్నాయువులు దెబ్బతింటాయి.

4. కంచె, తడుపు

కంచెకు సరుగుడు బాదులు బాగుంటాయి. నాలుగున్నర అడుగుల ఎత్తు, అడ్డకర్రలు స్తంభాలకు లోపలివైపు. అలా ఉంటే రౌతు మోకాలు స్తంభానికి తగలదు. ముళ్లతీగ మాత్రం వద్దే వద్దు. అడుగున ఒక చెక్క పలక బిగిస్తే ఇసుక బయటికి పోదు.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఇసుక సంగతి చెప్పక్కర్లేదు. ఐదు మిల్లీమీటర్ల తడి ఇవ్వాలన్నా 20 సెంట్లకు 4,000 లీటర్లు కావాలి, అంటే రోజుకో చిన్న ట్యాంకరు. ఎండలో పోస్తే సగం ఆవిరే. సాయంత్రం తడిపి, తెల్లవారుజామున స్వారీ పెట్టుకోండి. ఇసుక దుమ్ము గుర్రం ఊపిరితిత్తులకూ, మనకూ చెడుపే.

రోజూ పేడ ఎత్తేయాలి. వారానికి రెండుసార్లు ఇసుక చదును చేయాలి. ఇంట్లో గుంటక ఉంది కదా అని కట్టొద్దు, దాని పాస బేస్‌లోకి దిగి కంకరను పైకి తెస్తుంది. పాత ఇనుప మెష్ ముక్కకు బరువు కట్టి బండి వెనక లాగితే సరిపోతుంది. గుర్రం నడిచాక డెక్క గుర్తు చూడండి. అంచులు తీరుగా నిలబడి, లోతు అంగుళం దాటకపోతే తడి సరిపోయినట్టు. అంచులు రాలిపోతుంటే ఆ సాయంత్రం ఇంకో ట్యాంకరు చెప్పండి.