ఒక మెటల్ ఆల్బమ్‌ని పదేపదే వినడం ఎలా?

హెవీ మెటల్ బ్యాండ్ బ్లాక్ సబ్బాత్ 1971 ఆల్బమ్ ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’తో మొదలుపెట్టండి. నిడివి 34 నిమిషాలే, కాబట్టి రాత్రి భోజనమయ్యాక ఒకే బిగిన వినేయొచ్చు. ఫోన్ స్పీకర్‌లో మాత్రం వద్దు, అందులో బేస్ గిటార్ వినపడనే వినపడదు. వైరున్న మామూలు హెడ్‌ఫోన్స్ చాలు, నేను వాడేవీ అవే.

మొదటిసారి ఏమీ వెతక్కుండా వినండి. రెండోసారి గిటార్‌ని వదిలేసి గీజర్ బట్లర్ బేస్ వెంటే వెళ్ళండి. ‘ఇంటు ద వాయిడ్’ పాటలో ఆ బరువంతా ఎక్కడిదో అప్పుడు తెలుస్తుంది. బ్యాండ్ గిటారిస్టు టోనీ ఐయోమీ కుర్రవాడిగా ఉన్నప్పుడు ఫ్యాక్టరీ ప్రమాదంలో కుడిచేతి రెండు వేళ్ళ కొసలు పోయాయి. ఆయనది ఎడమచేతివాటం, అంటే తీగల్ని నొక్కేది ఆ వేళ్ళతోనే. కొసలకు తొడుగులు చేసుకుని వాయించాడు. ఈ ఆల్బమ్‌లో కొన్ని పాటలకు తీగల శ్రుతిని మూడు అర్ధస్వరాలు కిందికి దించాడు. తీగ వదులైంది, వేలికి సుఖమైంది, నాదం ముదురైంది. ఇది తెలిశాక విన్న రాత్రి నాకు కళ్ళు చెమర్చాయి.

మూడోసారి బిల్ వార్డ్ డ్రమ్స్. తర్వాత వారం రోజులు ముట్టుకోకండి, ఇది ముఖ్యం. మళ్ళీ విన్నప్పుడు ‘సాలిట్యూడ్’ పాట దగ్గర ఆగండి. అందులో వేణువు వాయించిందీ ఐయోమీయే.

ఆ పైన మెటాలికా బ్యాండ్ 1986 ఆల్బమ్ ‘మాస్టర్ ఆఫ్ పపెట్స్’కి వెళ్ళండి, ముందుగా ‘ఒరాయన్’లో క్లిఫ్ బర్టన్ బేస్ కోసం.