వెర్మీర్ పనమ్మాయి ముఖం కాపీ చేసి ఆయిల్ పోర్ట్రెయిట్ నేర్చుకోవడం ఎలా?

ఆయిల్‌లో ముఖం వెయ్యడం నేర్చుకునేవాళ్ళంతా ఫోన్‌లో తీసిన ఫోటోతో మొదలుపెడతారు. ఆ కెమెరా నీడలన్నీ ముందే చదును చేసేసి ఇస్తుంది, దాన్ని చూసి వేస్తే ముఖం చపాతీలా వస్తుంది, తర్వాత నాకు చెయ్యి తిరగట్లేదు అని ఏడుస్తారు. డచ్ చిత్రకారుడు వెర్మీర్ వేసిన పాలు పోసే పనమ్మాయి బొమ్మ ముందు పెట్టుకోండి. 1660 ప్రాంతంలో డెల్ఫ్ట్‌లో వేశాడు, ఒరిజినల్ ఆమ్‌స్టర్‌డామ్‌లో రైక్స్‌మ్యూజియంలో ఉంది, వాళ్ళ సైట్‌లో పెద్ద ఇమేజ్ ఫ్రీగానే దొరుకుతుంది. బొమ్మ మొత్తం కలిపి 45.5 బై 41 సెంటీమీటర్లే. మనకి తల, మెడ, భుజాలు చాలు, బల్ల మీది రొట్టెల జోలికి పోతే నెల అక్కడే పోతుంది.

సామాను పెద్దగా ఏం లేదు, 12 బై 16 అంగుళాల కాన్వాస్ బోర్డు, రెండు గట్టి బ్రష్షులు, ఒక సన్నది, టర్పెంటైన్, లిన్సీడ్ ఆయిల్. రంగులు అయిదే: టైటానియం వైట్, ఎల్లో ఓకర్, కాడ్మియం రెడ్, బర్ంట్ అంబర్, అల్ట్రామెరీన్. నలుపు కొనకండి. చర్మం రంగు అని ట్యూబులో అమ్మేది అసలే కొనకండి. ఆ అమ్మాయి చెయ్యి జూమ్ చేసి చూడండి, మణికట్టు దగ్గర ఎండకి కమిలి ఎర్రగా, చొక్కా చెయ్యి మడిచిన చోట తెల్లగా ఉంటుంది. ఒక్క మనిషికే రెండు రంగులుంటే ట్యూబులో ఎవరి రంగు పోస్తారు?

బొమ్మ మీదా బోర్డు మీదా ఒకేలా గళ్ళు (గ్రిడ్) గీసి, అంబర్‌ని టర్పెంటైన్‌తో పల్చగా చేసి నీడలు మాత్రం పెట్టండి. కిటికీ తీసి ఉంచండి. రెండ్రోజులు ఆరనివ్వండి.

ఇక్కడి నుంచే అందరూ చెడగొట్టేది. వెలుగు ఎడమ కిటికీ నుంచి వస్తోంది కాబట్టి మనకి కుడివైపు చెంప నీడలో ఉంటుంది, ఆ వెలుగుకీ నీడకీ మధ్యలో ఒక పట్టీ ఉంటుంది, ముఖానికి గుండ్రం వచ్చేది ఆ పట్టీ వల్లే. జనం ఏం చేస్తారంటే, ఇటు లేతది అటు ముదురుది పూసేసి పొడి బ్రష్‌తో రుద్దుతారు, రుద్దుతూనే ఉంటారు, చివరికి ప్లాస్టిక్ బొమ్మ తయారవుతుంది. నా మొదటి కాపీ కూడా అంతే, మూడు రోజులు రుద్ది గీకి పారేశాను.

రుద్దకండి. ముందు రంగులు కలిపే పాలెట్ మీదే అయిదు ముద్దలు కలిపి పెట్టుకోండి, బాగా వెలుగు, కొంచెం తగ్గింది, పట్టీ, నీడ, నీడలోనే కాస్త లేతగా తేలేది. పట్టీ రంగంటే వెలుగూ నీడా సగం సగం కలిపింది కాదు, ఓకర్‌లో చిటికెడు నీలం పడి కొంచెం పచ్చగా, మసగ్గా ఉండాలి. కళ్ళు సగం మూసి చూస్తే కనిపిస్తుంది. గచ్చు మీద పలకలు పరిచినట్టు పక్కపక్కనే పెట్టి చెయ్యి తీసెయ్యండి. ఆరడుగులు వెనక్కి వెళ్ళి చూశాక, నుదురు తిరిగే చోట శుభ్రమైన బ్రష్‌తో ఒక్కసారి తాకండి, ఒక్కసారే. ముక్కు నీడ అంచు మాత్రం పదునుగానే వదిలెయ్యండి, అదీ మెత్తన చేస్తే ముక్కు లోపలికి పోతుంది.

తెల్ల టోపీ దగ్గరా ఇదే గొడవ. తెల్లది కదా అని వైట్ పిండేస్తారు. పేపర్‌కి చిన్న కన్నం పెట్టి అందులోంచి చూడండి, నీడవైపు అది బూడిద రంగే.

గోడ చివర్లో వెయ్యండి. వెలుగు పడిన వైపు వెనక గోడ మసగ్గా, నీడవైపు వెనక తెల్లగా ఉంచాడు చూడండి, మనిషి ముందుకొచ్చేది అందుకే. పై పొరల్లోకి వెళ్ళేకొద్దీ నూనె కొంచెం పెంచాలి, తిరగేస్తే పగుళ్ళే. నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడెయ్యకండి, వాటంతటవే అంటుకుంటాయి, విడివిడిగా బయట ఆరెయ్యండి. వార్నిష్ ఆర్నెల్ల తర్వాతే, సంతకం మాత్రం మీదే పెట్టండి, ఆయనది కాదు.