అనంతపురం నుంచి డల్లాస్‌కు ఎన్ని గంటలు? లెక్క ఇలా వేయాలి

మా వీధిలో ఎవరికి అమెరికా టికెట్ వచ్చినా ఆ కాగితం చివరికి నా చేతికే వస్తుంది. అప్పటికే ఇంటిల్లిపాదీ తప్పు లెక్క వేసుకుని ఉంటారు.

టికెట్, తెల్లకాగితం, పెన్సిల్ ఉంటే చాలు. ఫోన్‌లో లెక్క వేయకూడదు, ఎక్కడ తప్పామో కనబడదు.

ముందు దూరం. ఆకాశమార్గాన బెంగళూరు-దుబాయ్ సుమారు 2,700 కి.మీ., దుబాయ్-డల్లాస్ సుమారు 12,900. గంటకు 850 చొప్పున భాగించి, విమానం పైకి లేచేందుకు, కిందికి దిగేందుకు అరగంట కలపండి. దాదాపు 4 గంటలు, 16 గంటలు వస్తాయి. గోడమ్యాపు మీద స్కేలు పెట్టి కొలవొద్దు. గ్లోబు మీద దారం లాగి చూడండి, విమానం ఉత్తరానికి ఎందుకు వంగి పోతుందో తెలుస్తుంది.

ఇక అందరూ బోల్తాపడేది టైం దగ్గర. టికెట్ మీద ఏ ఊరి టైం ఆ ఊరిదే ఉంటుంది. బెంగళూరులో 04:30కి బయలుదేరి, అదే రోజు 16:00కి డల్లాస్ చేరతారని ఉందనుకోండి. మా పక్కింటి పెద్దాయన ఇలాంటి టికెట్ చూసి 'పదకొండున్నర గంటలేగా' అని ఒక్కపూట షుగర్ మాత్రలే జేబులో పెట్టుకుని, మిగతావి పెద్ద పెట్టెలో వేసేశాడు. పెట్టె విమానం కడుపులోకి పోయింది.

తీసివేత మొదలుపెట్టే ముందు చేరే టైంను మన టైంలోకి మార్చాలి. వేసవిలో డల్లాస్ మనకంటే 10:30 గంటలు వెనక. 16:00కి 10:30 కలిపితే 26:30. ఇరవైనాలుగు దాటిందని కంగారుపడొద్దు, అలాగే ఉంచండి. అందులోంచి 04:30 తీసేస్తే 22 గంటలు. దుబాయ్‌లో ఆగే 2 గంటలతో కలిపి 4, 2, 16 కూడి చూడండి, సరిపోతుంది. చేరే టైం పక్కన +1 అని ఉంటే మర్నాడు చేరతారని అర్థం, ముందుగానే 24 కలపాలి.

రెండు జాగ్రత్తలు. మన టైం గ్రీన్‌విచ్ టైంకంటే ఐదున్నర గంటలు ముందు, ఆ అరగంటను మింగేయొద్దు. రెండోది, అక్కడ నవంబరు మొదటి ఆదివారం గడియారం గంట వెనక్కి తిప్పుతారు, మార్చి రెండో ఆదివారం ముందుకు. చలికాలంలో తేడా 11:30. వేసవిలో వేసిన లెక్క పట్టుకుని డిసెంబరులో కూతుర్ని ఎయిర్‌పోర్టుకు రమ్మంటే గంట తేడా కొడుతుంది.

తిరుగు ప్రయాణానికి ఇవే గంటలు వేయకండి. తూర్పుకు వచ్చేటప్పుడు పైగాలి వెనకనుంచి తోస్తుంది, గంటకు పైగానే కలిసొస్తుంది.

చివరగా ఇంటి నుంచి ఎయిర్‌పోర్టుకు. అనంతపురం వాళ్లు బెంగళూరే ఎక్కాలి. అక్కడి ఎయిర్‌పోర్టు దేవనహళ్లిలో, సిటీకి ఇవతలే ఉంది, సిటీ ట్రాఫిక్ తగలదు. కర్నూలు వాళ్లకు శంషాబాద్ కూడా అలాంటిదే. మనకు దేవనహళ్లి దాదాపు 180 కి.మీ., టీ తాగే టైంతో కలిపి మూడున్నర గంటలు. విమానానికి మూడు గంటల ముందు అక్కడ ఉండాలి. టికెట్ మీద 12వ తేదీ 04:30 అని ఉంటే, మీ కారు 11వ తేదీ రాత్రి పదింటికల్లా గుమ్మం దాటాలి. 12 రాత్రి కాదు.